గింజ కట్టని పువ్వు

వోలొగ్దా దాటాక, మూడు వందల పన్నెండో కిలోమీటరు.
మా హాల్టుకి ఇంతకన్నా పేరు లేదు.
ఒక గేటు, ఒక గది, ఒక బావి,
కంచె పొడుగునా రుడ్బెకియా.
అది పుస్తకాల్లో పేరు. ఇక్కడ బంగారు బంతి.
బంతిపువ్వు అనుకునేరు.
పిల్లలు గోడకేసి కొట్టే బంతి.

గేటు తాళాలతో పాటు గ్లఫీరా
నాకు ఒప్పజెప్పింది దాన్నే.
ముందు దాని సంగతి, తర్వాతే రైళ్ళ వేళలు.

"మనిషిని మించి ఎదుగుతుంది,
గట్టి వానొస్తే మనిషి మీదే పడుతుంది.
జూన్‌లోనే కర్రలు పాతు.
నడుముకి ఒక తాడు, భుజాలకి ఒక తాడు.
బిగించకు.
దొంగని కట్టినట్టు కాదు,
దెబ్బకి గుడ్డ కట్టినట్టు.
లేత కాడల నిండా ఎర్ర పేను పడుతుంది,
సబ్బునీళ్ళు కొట్టు, తిట్టు కూడా, పని చేస్తుంది.
నీళ్ళు మొదట్లో పొయ్యి. ఆకుల మీద పోశావో
బూడిద తెగులు.
అక్టోబరులో చీలమండ ఎత్తుకి కోసెయ్.
మంచంటావా, అది నీకన్నా దానికే బాగా తెలుసు."

నాలుగేళ్ళకోసారి, మే మొదట్లో,
నేల పారకి లొంగిన రోజు చూసి
దుబ్బుని నడిమికి నరికేది.
మొదటిసారి నేను మొహం తిప్పుకున్నాను.
"నరక్కపోతే మధ్యలో బోలు పడుతుందే పిచ్చిదానా.
దీనికి గింజ కట్టదు.
రేకు మీద రేకు తొడుక్కుని తొడుక్కుని
గింజకి చోటే మర్చిపోయింది.
గాలి మొయ్యదు, పిట్ట మొయ్యదు.
మనమే మొయ్యాలి."

తడి పేపర్లో చుట్టిన పిలకలు బకెట్లో పెట్టుకుని
నాలుగున్నర పాసింజరుకి ఎదురు నిలబడేది.
ఎవరు దిగితే వాళ్ళకి.
ఎవరూ దిగకపోతే గార్డుకి.
ఆగస్టులో ఆ బండెక్కి చూడండి,
ప్రతి గేటు దగ్గరా, ప్రతి నీళ్ళ పంపు పక్కనా
పసుపు, మళ్ళీ పసుపు.
అన్ని ఊళ్ళలో పూసేదీ
ఒక్కటే మొక్క.

గ్లఫీరా పోయిన మరుసటేడు
రెండో లైను పడింది.
కళ్ళ పరీక్షకని పట్నం వెళ్ళి
రెండ్రోజుల్లో తిరిగొచ్చాను.
కంచె లేదు. బావి లేదు.
గేటు పది గజాలు అవతలికి జరిగి ఉంది.
పాత చోట మోకాలు లోతు తవ్వాను.
కంకర, కింద కంకర,
ఒక తాడు ముక్క.

మూడు వందల ఇరవయ్యో కిలోమీటరులో పెలగేయా ఉంటుంది.
గ్లఫీరాకీ ఆమెకీ పదకొండేళ్ళు మాటల్లేవు,
పెలగేయా మేక ఒకనాడు కట్టు తెంపుకున్నప్పటి నుంచి.
అది ఏం తిన్నదో మీరే ఊహించుకోండి.
వెళ్ళాను. ఆమె గేటు పక్కన
నా తలకన్నా రెండు జానల ఎత్తున, అవే.
నేను అడక్కుండానే మొదలుపెట్టింది:
"నాకేం పంపలేదు లెండి ఆవిడ.
గార్డుకి బకెట్ బరువై ఇక్కడ దించేసి పోయాడు."
కాసేపటికి, బండి వెళ్ళాక,
"మూడుసార్లు బరువైంది వాడికి," అంది.

పూత మీద విడదీయకూడదు, మేలో రమ్మంది.
వెళ్ళేసరికి గుమ్మం ముందు బకెట్,
తడి పేపరు, మీద ఇటుక.
లోపల మేక అరుపు వినిపించింది.
తలుపు తీయలేదు ఆమె.

మొదటేడు ఆకులే.
రైళ్ళొచ్చినప్పుడల్లా దుమ్ము,
సాయంత్రాలు తడిగుడ్డతో తుడిచాను,
తుడవక్కర్లేదని తెలిసీ.

ఈ ఏడు ఐదు పూలు.
మొక్క ఇంకా నా నడుము దాకే ఉంది,
కర్ర అక్కర్లేదు, తాడూ అక్కర్లేదు.
కట్టాను.
కంకరలో దొరికిన ఆ ముక్కే,
వదులుగా.